ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్ చిత్రమాల: ఏ సినిమాది ఏ స్థానం?

1968 నుంచి 2024 వరకు 56 ఏళ్లలో పది సినిమాలు. అమెరికాలో ట్వెంటీయత్ సెంచరీ ఫాక్స్ సంస్థ మొదలుపెట్టిన ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ చిత్రమాల సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో ఎక్కువ కాలం నడిచిన వాటిలో ఒకటి. వానరాలు మాట్లాడతాయి, చట్టాలు చేస్తాయి, రాజ్యమేలుతాయి. మనిషి మాట పోయి వేటజంతువుగా మిగులుతాడు. పది కథల్లో ఎక్కువవాటికి పునాది ఇదే. వీటిలో తొలి అయిదు (1968-73) ఒకే కథాచక్రం. 2001లో టిమ్ బర్టన్ తీసినది దేనికీ చెందని విడి చిత్రం. 2011, 2014, 2017, 2024ల్లో వచ్చిన నాలుగు మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చిన మరో చరిత్ర. 1974లో 14 భాగాల టీవీ ధారావాహిక, 1975లో 13 భాగాల యానిమేషన్ కూడా వచ్చాయి గానీ, ఇక్కడ మాట్లాడుకునేది వెండితెర మీదకు వచ్చిన వాటి గురించే.

వీటిని వరుసలో పెట్టడానికి వసూళ్లు పనికిరావు. 1968 నాటి డాలరుకూ 2014 నాటి డాలరుకూ పొంతన లేదు. సాంకేతిక నైపుణ్యమే కొలత అనుకుంటే కొత్తది ఎప్పుడూ పాతదాని మీద గెలుస్తుంది. ఈ చిత్రమాలకు ఇంకెక్కడా దొరకని శక్తి ఒకటుంది. తెర ముందు కూర్చున్న మనిషిని తన జాతికి ఎదురుపక్షాన నిలబెడుతుంది. గ్రహాంతరవాసులు దాడి చేసే సినిమాలో మనం ఎటువైపో ముందే తేలిపోయి ఉంటుంది. ఇక్కడ మాత్రం ‘నేనెవరి పక్షం?’ అని ప్రతి పది నిమిషాలకూ తేల్చుకోవలసి వస్తుంది. ఆ తేల్చుకోవడాన్ని ఎంత కష్టం చేస్తే ఆ సినిమా అంత గొప్పది. ఈ వ్యాసంలో స్థానాలన్నీ ఆ కొలతతో ఇచ్చినవే.

మొదటి స్థానం: ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్ (1968)

కథకు మూలం ఫ్రెంచి రచయిత పియేర్ బూల్ 1963లో ప్రచురించిన నవల. ఆయన ఇంజనీరు, మలయా రబ్బరు తోటల్లో పనిచేశాడు, రెండో ప్రపంచ యుద్ధంలో ఇండోచైనాలో బందీ అయి తప్పించుకున్నాడు. ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ సినిమాకు మూలమైన నవల కూడా ఆయనదే. ఎవరు యజమాని, ఎవరు బానిస అన్నది పరిస్థితులు తారుమారైతే తారుమారయ్యే సంగతేనని సొంత అనుభవంలో చూసిన మనిషి ఈ కథ రాశాడు.

నవలలోని వానరాలకు కార్లు, విమానాలు, నగరాలు ఉంటాయి. అవన్నీ తెర మీద చూపాలంటే నిర్మాత ఆర్థర్ పి. జేకబ్స్ చేతిలో ఉన్న దాదాపు 58 లక్షల డాలర్లు చాలవు. అందుకని వానర నాగరికతను రాయి తొలిచి కట్టిన ఊరిగా, గుర్రాలు, బండ్ల కాలానికి కుదించారు. డబ్బు చాలక చేసిన ఆ మార్పు కథకు మేలే చేసింది. తుపాకులు ఉండి విమానాలు లేని ఈ సమాజం ఏదో దాస్తోందన్న అనుమానం మొదటి నుంచీ వెన్నాడుతుంది. ఆ దాచే పని డాక్టర్ జేయస్‌ది. ఈ ఒరాంగుటాన్ ఒకే సమయంలో విజ్ఞాన శాఖ మంత్రి, మత సంరక్షకుడు కూడా. ఆ రెండు పదవులూ ఒకే వ్యక్తి చేతిలో పెట్టడంలోనే స్క్రీన్‌ప్లే తెలివంతా ఉంది.

తొలి స్క్రీన్‌ప్లే రాసింది ‘ది ట్విలైట్ జోన్’ టీవీ ధారావాహికతో పేరు పొందిన రాడ్ సెర్లింగ్. దాన్ని తిరగరాసింది మైకేల్ విల్సన్. కమ్యూనిస్టన్న అనుమానంతో 1950లలో హాలీవుడ్ నల్లజాబితాకెక్కిన రచయిత ఆయన. ‘క్వాయ్’ సినిమాకు కార్ల్ ఫోర్‌మన్‌తో కలిసి పనిచేసినా పేరు వేసుకునే వీలు లేకపోయింది. దాని స్క్రీన్‌ప్లేకు వచ్చిన ఆస్కార్ నవలా రచయిత బూల్ పేరు మీద పోయింది. విల్సన్‌కు దక్కవలసిన గౌరవం మరణానంతరం గానీ దక్కలేదు. అలాంటి రచయిత బూల్ రాసిన మరో నవలను చేతిలోకి తీసుకుని, వ్యోమగామి టేలర్‌ను వానర న్యాయస్థానం ముందు నిలబెట్టాడు. ముద్దాయికి మాట్లాడే హక్కే లేదంటున్న న్యాయమూర్తుల మధ్య నడిచే ఆ విచారణలో అనుభవించినవాడి బాధ ఉంది. ముగ్గురు న్యాయమూర్తులు ఒకరు కళ్లు, ఒకరు చెవులు, ఒకరు నోరు మూసుకునే దృశ్యం కొందరికి అతిగా అనిపించింది. నాకు మాత్రం అది ఆ విచారణకు తగిన ముద్రగానే కనిపిస్తుంది.

చార్ల్‌టన్ హెస్టన్ వేసిన టేలర్ పాత్ర తీరు గమనించాలి. మనుషులంటే విసిగి, మనిషికన్నా మెరుగైనది ఎక్కడైనా ఉండకపోతుందా అని భూమి వదిలి వెళ్లినవాడు. వానరాల చేతిలో పడ్డాక మానవజాతికంతటికీ తానొక్కడే వకీలు కావలసి వస్తుంది. మనం కూడా అతని వెంటే మనిషి తరఫున వాదిస్తాం, గెలిచామనుకుంటాం. చివర్లో సముద్రపు ఒడ్డున, సగం ఇసుకలో కూరుకుపోయిన లిబర్టీ విగ్రహం ఎదురవుతుంది. తాను దిగింది వేరే గ్రహం మీద కాదని, భూమి మీదేనని, దాన్ని తగలబెట్టుకున్నది మనుషులేనని టేలర్‌కు తెలుస్తుంది. జేయస్ మన మీద చేసిన అభియోగం అక్షరాలా నిజమవుతుంది. కాలిఫోర్నియా తీరంలో తీసిన ఈ ముగింపు నవలలో లేదు. దీని ఆలోచన తమదేనని తర్వాత పలువురు చెప్పుకున్నారు. ఎవరిదైతేనేం, ప్రేక్షకుడు గెలిచాననుకున్న వాదనను అతని చేతిలోంచి ఇంత నిర్దయగా లాక్కున్న ముగింపు అమెరికన్ వాణిజ్య సినిమాలో అరుదు.

దర్శకుడు ఫ్రాంక్లిన్ షాఫ్నర్ అరిజోనా, యూటా ఎడారుల్లో తీసిన తొలి అరగంటలో ఒక్క వానరం కూడా కనిపించదు. వినిపించేది జెర్రీ గోల్డ్‌స్మిత్ సంగీతం. వంటింటి స్టీలు గిన్నెలు, పొట్టేలు కొమ్ము బూర లాంటివాటితో కట్టిన ఆ ధ్వనులు అప్పటి సినిమాల్లో వినిపించేవి కావు. 2001లో ఈ చిత్రాన్ని అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారంలో చేర్చారు.

ముసుగు వెనక ముఖం

వానరం మాట్లాడితే ప్రేక్షకులు నవ్వుతారేమోనని స్టూడియో భయపడింది. అందుకే ముందుగా 1966లో ఎడ్వర్డ్ జి. రాబిన్సన్‌కు జేయస్ వేషం వేసి ఒక పరీక్షా దృశ్యం తీశారు. అది ఫలించింది గానీ గంటల తరబడి వేషంతో ఉండడం ఆరోగ్యరీత్యా కష్టమని రాబిన్సన్ తప్పుకోగా, పాత్ర మారిస్ ఎవన్స్‌కు వెళ్లింది.

ఆ ముఖాల శిల్పి జాన్ చేంబర్స్. యుద్ధంలో ముఖాలు దెబ్బతిన్న సైనికులకు కృత్రిమ ముక్కులు, చెవులు, దవడలు చేసిన అనుభవం ఆయనది. మెత్తని నురుగు రబ్బరు భాగాలను నటుల ముఖానికి అతికించేవారు. ఒక్కొక్కరికీ మూడు, నాలుగు గంటలు పట్టేది. చింపాంజీ కార్నీలియస్ పాత్ర వేసిన రాడీ మెక్‌డవల్ ఒక రహస్యం పట్టుకున్నాడు: ముఖాన్ని నిరంతరం కదుపుతూ ఉండాలి. ముక్కు చిట్లించడం, బుగ్గ అదరడం, రెప్పలు కొట్టుకోవడం ఆగితే అది తొడుక్కున్న ముసుగని తెలిసిపోతుంది. అప్పటికి ఆస్కార్లలో మేకప్‌కు విభాగం లేదు కాబట్టి చేంబర్స్‌కు గౌరవ పురస్కారం ఇచ్చారు. 1980లో ఇరాన్ నుంచి అమెరికన్ దౌత్య సిబ్బందిని తప్పించడానికి బూటకపు సినిమా కంపెనీ పెట్టినప్పుడు సీఐఏకు తోడ్పడినదీ ఈయనే. ‘ఆర్గో’ (2012) సినిమాలో ఆ పాత్ర ఉంది.

నాలుగు దశాబ్దాల తర్వాత కొత్త చిత్రాల్లో వానర నాయకుడు సీజర్‌గా ఆండీ సెర్కిస్ చేసింది అదే పని. ముసుగు స్థానంలో కెమెరా, కంప్యూటరు వచ్చాయి. న్యూజిలాండ్‌కు చెందిన వేటా డిజిటల్ అతని ముఖకవళికలను పట్టుకుని వాటికి చింపాంజీ చర్మం, బొచ్చు తొడిగింది. స్టూడియో గదిలోనే కాక ఆరుబయట, మిగతా నటుల మధ్య ఆ పని చేయగలగడం 2011 నాటికి కొత్త. కొత్త నాలుగు చిత్రాలూ విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఆస్కార్‌కు నామినేట్ అయ్యాయి. ఒక్కటీ గెలవలేదు. ‘హ్యూగో’, ‘ఇంటర్‌స్టెల్లార్’, ‘బ్లేడ్ రన్నర్ 2049’, ‘డ్యూన్: పార్ట్ టూ’ వాటిని దాటిపోయాయి. ఈ చిత్రమాలకు జరిగిన అన్యాయమంటే ముందు దీన్నే చెప్పాలి.

రెండో స్థానం: డాన్ (2014)

మాట్ రీవ్స్ దర్శకత్వంలో వచ్చిన ‘డాన్ ఆఫ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ తొలి చిత్రానికి అత్యంత దగ్గరగా నిలిచేది. మహమ్మారికి మనుషులు చాలామంది పోయారు. శాన్‌ఫ్రాన్సిస్కో శిథిలాల్లో కొందరు, ఊరి బయటి అడవిలో సీజర్ వానర సమూహం. మనుషులకు కరెంటు కావాలి. దాన్నిచ్చే ఆనకట్ట వానరాల అడవిలో ఉంది. కథకు ఇంతకన్నా అవసరం లేదు. మొదటి పావుగంట దాదాపుగా చేతి సైగలతోనే నడుస్తుంది.

ఈ సినిమాను ఈ స్థానంలో నిలబెట్టినవాడు సీజర్ కన్నా కోబా. ప్రయోగశాలల్లో మనుషులు కోసి, కుట్టి వదిలిన బోనోబో. మనుషులు కోరిన పని చేయనిద్దామని సీజర్ అన్నప్పుడు కోబా తన ఒంటి మీది మచ్చలు ఒక్కొక్కటే చూపించి, మనుషులు చేసే పని ఇదీ అంటాడు. అందులో అబద్ధం లేదు. ఆ తర్వాత ఇద్దరు సాయుధుల ముందు సర్కస్ కోతిలా గెంతుతూ నవ్వించి, వాళ్ల తుపాకీ అందుకుని వాళ్లనే కాల్చే దృశ్యం వస్తుంది. టోబీ కెబెల్ ముఖంలో విదూషకుడు హంతకుడిగా మారే క్షణాన్ని చూడండి. నవ్విన మనిషీ మనమే, నవ్వించవలసి వచ్చిన వానరం బాధ తెలిసిందీ మనకే. ఎవరి పక్షం వహించాలో తేలక ఉక్కిరిబిక్కిరయ్యే దృశ్యం ఈ పది సినిమాల్లో మరొకటి లేదు.

వానరాన్ని వానరం చంపరాదన్నది సీజర్ పెట్టిన చట్టం. చివర కోబా అతని చేతికి వేలాడుతూ ఆ చట్టాన్నే గుర్తుచేస్తాడు. నువ్వు వానరానివి కాదని సీజర్ చెయ్యి వదిలేస్తాడు. తన వాళ్లలో ఒకణ్ణి మాటతో జాతి నుంచి వెలివేసి చంపడం అచ్చంగా మనుషులు చేసే పనే. సీజర్ గెలుస్తాడు గానీ ఆ గెలుపు మరక తర్వాతి చిత్రం దాకా పోదు. దాదాపు 17 కోట్ల డాలర్లతో తీసి, ప్రపంచమంతటా 71 కోట్ల దాకా వసూలు చేసిన ఈ చిత్రం ఇంత దిగులుగా ఉండనివ్వడం స్టూడియో చేసిన సాహసమే.

మూడు నుంచి ఆరు దాకా

మూడో స్థానం ‘ఎస్కేప్ ఫ్రమ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ (1971)కి. చాలామంది దీన్ని తేలిక చిత్రమని పక్కన పెడతారు. దీనికి ముందు వచ్చిన ‘బినీత్’లో భూమే పేలిపోయింది కాబట్టి రచయిత పాల్ డెన్ కథను వెనక్కి తిప్పాడు: వానర దంపతులు కార్నీలియస్, జీరా టేలర్ వ్యోమనౌకలోనే కాలం వెనక్కి ప్రయాణించి 1973 నాటి అమెరికాలో దిగుతారు. సగం దాకా హాస్యం. ఇద్దరూ బట్టలు కొనుక్కుంటారు, విందులకు వెళతారు, పత్రికలవాళ్లు వెంటపడతారు. జీరా గర్భవతి అని తెలియగానే గాలి మారిపోతుంది. డాక్టర్ హాస్‌లైన్ అనే సలహాదారు ప్రశ్న సూటిగా ఉంటుంది: ఈ బిడ్డ వంశం వల్లే మనుషుల ఏలుబడి అంతమవుతుందని తెలిశాక బిడ్డను పుట్టనివ్వాలా? అతని తర్కంలో తప్పు పట్టలేం. అయినా మనసు ఆ దంపతుల వెంటే పోతుంది. రాడీ మెక్‌డవల్, కిమ్ హంటర్ ఆ నురుగు రబ్బరు వెనక నుంచి ఒక కాపురాన్ని కళ్లకు కట్టారు. తక్కువ డబ్బుతో తీసిన ఈ చిత్రానికి ఉన్న బలమంతా వాళ్లిద్దరే.

నాలుగోది రూపర్ట్ వ్యాట్ తీసిన ‘రైజ్’ (2011). అల్జీమర్స్ మందు కోసం చేసిన ప్రయోగంలో తెలివి పెరిగిన చింపాంజీ కొడుకే సీజర్. శాస్త్రవేత్త ఇంట్లో బిడ్డలా పెరుగుతాడు. ఒకనాడు గొలుసు కట్టిన కుక్కను చూసి, తన మెడలోని గొలుసు చూసుకుని, నేనూ పెంపుడు జంతువునేనా అని సైగతో అడుగుతాడు. ప్రేమగా పెంచినవాడి ముందు ఆ ప్రశ్న రావడమే సినిమాకు ఆయువుపట్టు. సీజర్ తొలిసారి నోరు తెరిచి ‘నో’ అని గర్జించినప్పుడు థియేటర్లు నిశ్శబ్దమయ్యాయంటే ఆశ్చర్యం లేదు. లోపమల్లా మనుషుల పాత్రలది. ముంబైలో పుట్టిన ఫ్రీడా పింటోకు వానరాల వైద్యురాలి పాత్ర ఇచ్చారు గానీ అందులో నటించడానికి ఏమీ మిగల్చలేదు.

అయిదో స్థానంలోని ‘కాంక్వెస్ట్’ (1972) నిజానికి రెండు సినిమాలు. కుక్కలు, పిల్లులు రోగంతో చచ్చిపోయాక వానరాలను పెంపుడు జంతువులుగా, ఆ తర్వాత బానిసలుగా చేసుకున్న 1991 నాటి నగరం. కార్నీలియస్ కొడుకు (ఇతని పేరూ సీజరే) అక్కడ తిరుగుబాటు లేవదీస్తాడు. 1965లో లాస్ ఏంజెలిస్ వాట్స్ ప్రాంతంలో నల్లజాతివారి ఆగ్రహం పెల్లుబికిన దృశ్యాలు దర్శకుడు జె. లీ థాంప్సన్ కళ్లముందున్నాయి. గవర్నర్ దగ్గర పనిచేసే మెక్‌డోనల్డ్ అనే నల్లజాతి అధికారి, బానిసల వారసుడిగా నిన్ను కరుణ చూపమని అడుగుతున్నానని సీజర్‌ను వేడుకుంటాడు. తొలుత తీసిన ముగింపులో ఆ వేడుకోలు ఫలించదు. వానరాలు గవర్నర్‌ను కొట్టి చంపుతాయి. ముందస్తు ప్రదర్శనలో ప్రేక్షకులు బెదిరిపోవడంతో, ఇందులో సీజర్ వేసిన మెక్‌డవల్ చేత కరుణ మాటలు కొత్తగా డబ్బింగ్ చెప్పించి, పాత దృశ్యాలనే అటూ ఇటూ మార్చి అతికించారు. అసలు కూర్పు 2008లో బ్లూరే మీద వచ్చింది. విడుదలైన రూపానికి అయిదో స్థానం. అసలు రూపమే అప్పుడు థియేటర్లకు వచ్చి ఉంటే మూడోది దానిదే.

‘వార్’ (2017)ను ఆరోదిగా పెట్టడం చాలామందికి నచ్చదు. మంచులో తడిసిన బొచ్చు, మారిస్ అనే ఒరాంగుటాన్ కళ్లలోని తడి, మైకేల్ జియాకినో సంగీతం, మాట పోయిన పసిపిల్ల నోవా - అన్నీ ఉన్నతంగానే ఉన్నాయి. సీజర్‌ను సెర్కిస్ ఇంతకన్నా బాగా ఎప్పుడూ నటించలేదు. కానీ మనుషుల తరఫున మిగిలిన కల్నల్, అతని సైన్యం ఎంత క్రూరులంటే వానరాల పక్షం వహించడానికి ప్రేక్షకుడు ఏమీ వదులుకోవలసిన పని లేదు. కోబా వేసిన చిక్కుముడి ఇక్కడ విడిపోయింది. చివరికి మిగిలిన సైన్యాన్ని మంచుచరియ వచ్చి కప్పేస్తుంది. ఎవరు ఎవరిని చంపాలన్న ప్రశ్నకు ప్రకృతి చేత జవాబు చెప్పించడం తప్పించుకోవడమే.

కింది మెట్లు

వెస్ బాల్ తీసిన ‘కింగ్‌డమ్’ (2024) ఏడోది. సీజర్ పోయి తరాలు గడిచాయి. ప్రాక్సిమస్ అనే వానర రాజు సీజర్ బిరుదు పెట్టుకుని, ఆయన మాటలను వంకరతిప్పి, ఇతర తెగలను బానిసలుగా పట్టుకుంటున్నాడు. అసలు మాటలేమిటో గుర్తున్నది రాకా అనే ఒరాంగుటాన్ ఒక్కడికే. మహానుభావుల సూక్తులు వాళ్లు పోయాక ఎవరి చేతిలో పడి ఏమవుతాయో చెప్పే ఈ ఊహ చాలా మంచిది. రాకాను కథలోంచి త్వరగా పంపించివేయడంతో ఆ ఊహ మధ్యలోనే బలహీనపడింది. అయితే చివరి సన్నివేశంలో యువ చింపాంజీ నోఆ, మనిషి పిల్ల మే వీడ్కోలు చెప్పుకుంటున్నప్పుడు ఆమె వెనక దాచిన చేతిలో తుపాకీ ఉంటుంది. తర్వాతి చిత్రాలకు కావలసినంత బరువు ఆ ఒక్క దృశ్యంలో ఉంది.

‘బినీత్’ (1970) ఎనిమిదోది. హెస్టన్ చిన్న పాత్రకు మాత్రమే ఒప్పుకోవడంతో జేమ్స్ ఫ్రాన్సిస్కస్‌ను కొత్త వ్యోమగామిగా తెచ్చి, సగం దాకా మొదటి కథనే మళ్లీ నడిపించారు. తొలి చిత్రంలో నౌక చూపిన సంవత్సరం 3978, ఇందులో 3955. అంత శ్రద్ధ అన్నమాట. రెండో సగంలో భూగర్భ న్యూయార్క్‌లో అణుబాంబును దేవుడిగా కొలిచే మనుషుల ప్రార్థన వస్తుంది. ఆ ఒక్క ఘట్టం, చనిపోతూ టేలర్ బాంబు పేల్చి భూమినే అంతం చేసే ముగింపు ఈ సినిమాను తొమ్మిదికి జారకుండా కాపాడాయి.

తొమ్మిదోది ‘బాటిల్’ (1973). డబ్బు అయిపోయిందని ప్రతి ఫ్రేములో తెలుస్తుంది. మహా సంగ్రామమంటే ఒక పాత స్కూలు బస్సు, నాలుగు జీపులు. వానరాన్ని వానరం చంపరాదన్న చట్టం తెగి, అది తెంచిన గొరిల్లా అల్డో బయటపడే సన్నివేశం ఒక్కటే నిలుస్తుంది. నాలుగు దశాబ్దాల తర్వాత ‘డాన్’ తన కథను అక్కడి నుంచే అల్లుకుంది.

అట్టడుగున టిమ్ బర్టన్ చిత్రం (2001). దాదాపు పది కోట్ల డాలర్ల ఖర్చు, రిక్ బేకర్ మేకప్, జనరల్ థేడ్‌గా టిమ్ రాత్ భయపెట్టే నటన ఉండి కూడా ఇది ఇక్కడికి జారడానికి కారణం ఒక్కటే: ఇందులో మనుషులు మాట్లాడతారు. మాట్లాడే మనుషులను వానరాలు బానిసలుగా పట్టుకుంటే అది మామూలు తిరుగుబాటు కథ. ఎవరు జంతువు, ఎవరు కాదు అన్న ప్రశ్నే పుట్టదు. లింకన్ స్మారకంలో వానర విగ్రహం కనిపించే ముగింపు బూల్ నవల చివరికి దగ్గరగానే ఉంది గానీ, అప్పటిదాకా నడిచిన కథలో దానికి పునాది వేయలేదు.

కొత్తగా చూడబోయేవారు 1968 చిత్రంతో మొదలుపెట్టి, ‘బినీత్’ను దాటవేయకుండా (దాని ముగింపు తెలియకపోతే ‘ఎస్కేప్’ అర్థం కాదు) ‘కాంక్వెస్ట్’ దాకా విడుదల క్రమంలోనే వెళ్లడం మంచిది. ‘కాంక్వెస్ట్’ను వీలైతే అసలు కూర్పులో చూడాలి. అక్కడి నుంచి నేరుగా 2011 చిత్రానికి రావచ్చు. బర్టన్ చిత్రం చూడకపోయినా కథలో ఏ ముడీ తెగదు.